పిలుపు రాని శనివారాలు

5 సెప్టెంబర్ 2009, శనివారం

ఈరోజు మొదటి ఆట. వెళ్ళడం లేదు.

చైతూ మాటే. పోయిన నెల కాలేజీలో దింపి బయల్దేరుతుంటే కారు కిటికీ మీద చెయ్యి వేసి — "అమ్మా, ఊరికే రావద్దు. నేను బెంచ్ మీద కూర్చోడం చూడ్డానికి అంత డ్రైవా? ఆడే డే నేనే కాల్ చేస్తా. ప్రామిస్."

రెండో కిక్కర్‌కి పనేముంటుంది? మొదటి కిక్కర్, ఆ టైలర్ అనే అబ్బాయి, కాలు బాగున్నంత కాలం వీడికి బెంచే. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరికిందన్నప్పుడు అదే పెద్ద పండగ అనుకున్నాం.

"పిలుస్తాడులే సుజాతా" అని మురళి గడ్డి కోయడానికి వెళ్ళాడు. వాళ్ళ నాన్నకి అంత తేలిక.

12 సెప్టెంబర్

కాలేజీ రేడియో కంప్యూటర్‌లో వస్తుందట. వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని ఆసాంతం విన్నాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గెలిచారు. వాడి పేరు రాలేదు.

16 సెప్టెంబర్

లైబ్రరీలో నా పక్క డెస్క్ డెనిస్‌ని అడిగాను. ఇద్దరు కొడుకుల్ని ఆడించిన తల్లి. లంచ్‌లో టిష్యూ మీద గీసి చూపించింది. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళాలి. ఇక కుదరదనుకున్నప్పుడు కిక్కర్ వచ్చి, బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్ళేట్టు తన్నాలి. వెళ్తే మూడు పాయింట్లు.

"అంటే అందరి వల్లా కానప్పుడు నీ కొడుకుని పిలుస్తారన్నమాట" అంది.

రోజంతా అదే మాట చెవిలో.

3 అక్టోబర్

ఓడారు. పేరు రాలేదు. సాయంత్రం ఫోన్. తిన్నావా — తిన్నా. చలిగా ఉందా — "అమ్మా, గైస్ వెయిట్ చేస్తున్నారు."

వాడి మంచం మీద దుప్పటి ఉతకాలి. ఇంకా ఉతకబుద్ధి కావడం లేదు.

17 అక్టోబర్

టైలర్ తొడ పట్టేసింది. ఇద్దరు పట్టుకుని బయటకు నడిపిస్తున్నారని చెప్పాడు రేడియో అబ్బాయి. పాపం అనుకున్నాను... నిజంగానే అనుకున్నాను. వెంటనే ఏదో పేరు. "చేటాన్యా." ఎవరా అని ఆలోచించాను. నా చైతన్యే!

స్టవ్ ఆపేశాను. ఊపిరి కూడా ఆపినట్టున్నాను. "గుడ్!" అని రేడియో అబ్బాయి అరిచాడు, అంటే బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్ళినట్టే; నేను అంతకంటే గట్టిగా అరిచాను. మురళి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, "ఏం కాలింది?" అన్నాడు.

ఇక ఫోన్ వస్తుంది. పక్కనే పెట్టుకున్నాను.

18 అక్టోబర్

రాలేదు.

"నువ్వే చెయ్యొచ్చుగా" — మురళి. చెయ్యను. పిలుస్తానన్నది వాడు.

21 అక్టోబర్

చేశాడు. స్వెటర్ డ్రయర్‌లో వెయ్యొచ్చా అని. ఆట ఊసే లేదు. గొంతు దాకా వచ్చింది... "వద్దు, ముడుచుకుపోతుంది" అన్నాను.

24 అక్టోబర్

ఈ వారం కూడా చైతూనే కిక్కర్. రెండు వేశాడు. రెండూ గుడ్. రేడియో అబ్బాయి పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నాడు. ఫోన్ లేదు.

వచ్చే శనివారం వాళ్ళ ఆట ఇక్కడికి గంట దూరంలో, అవతలి కాలేజీ మైదానంలో.

1 నవంబర్

వెళ్ళాను. నిన్న. మురళికి షాపింగ్ అని చెప్పాను.

చైతూ జట్టు వైపు కూర్చుంటే కనపడిపోతానని అవతలివాళ్ళ మధ్య కూర్చున్నాను. సన్నగా వాన. పక్కన పసుపు రెయిన్‌కోట్ ఆవిడ, తన బ్లాంకెట్ సగం నా ఒళ్ళో కప్పింది. వాడు దూరంగా వలకేసి బంతులు తన్నుకుంటున్నాడు. భుజాలు వెడల్పయ్యాయి. నడక మాత్రం అదే, కాస్త ఎడమకి ఒరిగి. హెల్మెట్ పెట్టుకున్నా పోల్చుకున్నాను.

చివర్లో పిలిచారు. రెండు పాయింట్లు వెనక ఉన్నారు. ఇది వెళ్తే గెలుపు. నా చుట్టూ అందరూ లేచి వాడి గురి తప్పాలని గోల గోల. నేను కూర్చునే ఉన్నాను. జనం సందుల్లోంచి వాడి కాలు ఒక్కటే కనిపించింది.

బంతి కుడి స్తంభం పక్క నుంచి బయటికి పోయింది.

పసుపు కోటావిడ నన్ను కౌగిలించుకుంది. "గెలిచాం, హనీ, గెలిచాం!" ఏడుస్తోంది సంతోషంతో. ఆవిడ కొడుకు కూడా ఆడుతున్నాడట. నా చేతులు వాటంతటవే ఆవిడ వీపు మీదకి వెళ్ళాయి.

చైతూ హెల్మెట్ తీసి అక్కడే నిలబడ్డాడు. ఎవరూ దగ్గరకి రాలేదు. తర్వాత కుంటుతూ టైలర్ వచ్చి మెడ మీద చెయ్యి వేశాడు. కంచె దాకా దిగి వెళ్ళాను. పిలిస్తే వినపడేంత దూరం.

పిలవలేదు. కార్‌లో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.

4 నవంబర్

ఫోన్. "శనివారం ఓడిపోయాం అమ్మా. ఐ మిస్డ్."

మొదటిసారి వాడంతట వాడు చెప్పాడు. "పోనీ నాన్నా, వా..." వానలో అనబోయి మింగేశాను. వాన సంగతి వాడు చెప్పలేదుగా.

"వాట్?"

"వారం వారం ఆట ఉంటుందిగా అంటున్నాను."

14 నవంబర్

ఒకటి గుడ్, ఒకటి తప్పు. గెలిచారు. దుప్పటి ఉతికాను.

18 నవంబర్

లైబ్రరీలో ఉండగా మోగింది. బయటకు పరిగెత్తాను.

"శాటర్‌డే లాస్ట్ గేమ్. నువ్వూ నాన్నా ఫ్రీయా?"

"ఆడుతున్నావా?"

"తెలీదు. టైలర్ బెటర్ ఇప్పుడు. కోచ్ ఇంకా డిసైడ్ చెయ్యలేదు."

"మరి ఆడే రోజు పిలుస్తానని..."

"జస్ట్ రా అమ్మా." ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. "అండ్... దిస్ టైమ్ మా సైడ్ కూర్చో. ఓకే?"

ఓకే అన్నానో లేదో గుర్తులేదు.

మురళి అడుగుతున్నాడు, ఏమన్నాడని. రమ్మన్నాడని మాత్రం చెప్పాను.

అంతమందిలో, అంత వానలో నన్ను చూశాడు. గొంతులో కోపం లేదు. ఉందేమో. ఒక్కటే తెలియాలి, అడిగే ధైర్యం లేదు —

తన్నిన తర్వాత చూశాడా... ముందేనా.