తోడేలుకి పిల్లనివ్వను

అబ్బాయికి,

క్షేమ సమాచారాలు తర్వాత. నిన్న మీ పెద్ద కుస్తీ పోటీ చూశాను. టీవీలో విడిగా డబ్బు కట్టి మరీ చూశాను. నా కుట్టుకొట్లో వీధి వీధంతా కూర్చుంటే, "ఆ తోడేలే మాకు కాబోయే అల్లుడు" అని అందరికీ చూపించాను. నువ్వేం చేశావు? నీ జోడీ పిడుగు, నీ గెలుపు బెల్టు పోకుండా అవతలివాణ్ణి పట్టుకుని నిలబడితే, వెనకనుంచి వచ్చి ఆ పిడుగు వీపు మీదే మడత కుర్చీతో బాదావు. రెఫరీకి సరిగ్గా అప్పుడే బూటు లేసు ఊడింది. ఇంత అన్యాయం నేనెక్కడా చూడలేదు. స్నేహితుడి వీపు కనిపిస్తే కుర్చీ ఎత్తేవాడికి నా కూతుర్ని ఎలా ఇవ్వను? ఈ సంబంధం ఇంతటితో సరి.

ఇట్లు,
అమ్మాయి తల్లి

తా.క. నీ పెళ్ళి కోటు కాలరు విప్పేశాను.

*

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చెమటలు పట్టాయి. తోడేలు నా వేషం మాత్రమేనండీ. అదంతా కథ. కంపెనీవాళ్ళు ముందే రాసిస్తారు, మేం వారం పాటు సాధన చేస్తాం. లేసు ఎప్పుడు కట్టుకోవాలో రెఫరీగారికీ తెలుసు. కుర్చీది పల్చటి రేకు. చప్పుడెక్కువ, దెబ్బ తక్కువ. దయచేసి శాంతించండి.

మీ విధేయుడు

తా.క. కోటు చేతులైనా ఉంచండి.

*

అబ్బాయికి,

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది నీ జవాబు. కోపంలో చెయ్యి జారిందేమోనని నేను సగం మెత్తబడ్డాను. వారం ముందునుంచే కుట్ర పన్నారన్నమాట. రెఫరీని కూడా కలుపుకున్నారన్నమాట. పైగా కుర్చీ బరువు చూసుకుని మరీ కొట్టావు. ఆ పిడుగు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో రాయి, పళ్ళు పట్టుకుని వెళతాను. అమ్మాయి అన్నం మానేసి గదిలో కూర్చుంది. కూర్చోనీ.

ఇట్లు,
నీకు ఏమీ కాని మనిషి

తా.క. చేతులూ విప్పేశాను. గుండీలు మాత్రం దాచాను, మంచివి.

*

అత్తయ్యగారికి,

పిడుగు ఆసుపత్రిలో లేడండీ. నా గదిలోనే, నా చాప మీద పడుకుని మీ ఉత్తరం చదివి నవ్వుతున్నాడు. పోటీ అయ్యాక ఇద్దరం ఒకే కారులో ఇంటికొచ్చాం. నమ్మకపోతే వచ్చే నెల కథ కూడా చెబుతాను. వాడు గెలుస్తాడు, నేను బెల్టు పోగొట్టుకుని ఏడుస్తాను. ఎవరికీ చెప్పకూడదు, మీరు కాబట్టి చెబుతున్నాను. అమ్మాయి లేకుండా నేను బతకలేను.

మీ విధేయుడు

తా.క. పిడుగు మీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

*

ఓరి చవటా,

ఆట అని నాకు తెలీదనుకున్నావా? మీ కంపెనీ గోడ మీద నల్ల ముసుగు వేసుకున్న కుస్తీవాడి ఫొటో ఉంటుంది చూడు. ఆయనే నీకు కాబోయే మామగారు. ఆ ముసుగు కుట్టింది నేను. ఆయన ఊరంతటికీ విలన్. పాత వీధిలో పాలవాడు మాకు పాలు పోయడం మానేశాడు. "అవునయ్యా, మా ఆయన దుర్మార్గుడే" అన్నాను గానీ, అదంతా ఆట అనలేదు. బరిలో ఆయన చేత దెబ్బలు తినే ప్రాణస్నేహితుడు మా ఇంటికి దొడ్డిదారిన వచ్చేవాడు. ఇద్దరూ ఏనాడూ ఒకే బస్సు ఎక్కలేదు. ఆయన పోయిననాడు కూడా ఆ స్నేహితుడు వీధి చివరే నిలబడి ఏడ్చాడు. జనం నమ్మకం చెడకూడదని.

నువ్వేమో ఒక్క ముసలిదాని తిట్టుకే గుట్టంతా కక్కేశావు, వచ్చే నెల ఫలితంతో సహా. ఇప్పుడు నేనేం చూడను? ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. నీకు పిల్లనిస్తే నా ఇంటి గుట్టు ఎన్నాళ్ళుంటుంది? ఆలోచించుకుని జవాబు రాయి.

ఇట్లు,
నల్ల ముసుగు భార్య

తా.క. కోటు విప్పలేదు. అది ఎప్పుడో పూర్తయింది.

*

కాబోయే అత్తగారికి తోడేలు రాయునది.

వాణ్ణి నిజంగానే కొట్టాను. జాలి పడలేదు. మళ్ళీ కొడతాను. ఆట అని మీకెవరు రాశారో నాకు తెలీదు, ఆ చేతిరాత నాది కాదు. ఆదివారం కోటు కోసం వస్తున్నాను. వీధిలో నలుగురూ వినేలా తిట్టండి.

ఇట్లు,
మీ దుర్మార్గపు అల్లుడు

తా.క. పిడుగు పెళ్ళికి వస్తాడు. వేరే బస్సులో.