నికెల్ తీగ, పిన్నీసు

1956 జూలై 9, సోమవారం

నికెల్ తీగ ఎదురు తిరిగింది! రాగి చుట్టలో కరెంటు పంపితే లోపలి తీగ బుద్ధిగా అయస్కాంతమైంది. కింద ఇత్తడి బరువులు వేలాడదీశాను. లాగితే అయస్కాంత బలం పెరగాలి కదా — పోయిన వారం ఇనప తీగకి పెరిగింది. దీనికి తగ్గింది. ఇంకో బరువు... ఇంకా తగ్గింది. పక్కన వేలాడే అయస్కాంతపు సూదికి అంటించిన అద్దం నుంచి స్కేలు మీద పడే వెలుగుచుక్క వెనక్కి, వెనక్కి. ఒకటే నవ్వు నాకు.

జూలై 10

మూర్తి మాస్టారికి చూపించాను. మా కాలేజీ ఫిజిక్సు డిపార్టుమెంటు పెద్ద. ఆయన సిఫారసు రాస్తేనే వాల్తేరు యూనివర్సిటీలో నాకు రీసెర్చి సీటు. కాసేపు చూసి, "అమ్మా జానకీ, నీ భుజాన పిన్నీసు ఉంది. వంగినప్పుడల్లా అదే సూదిని లాగుతోంది" అన్నారు. నిజమే, వంగితే చుక్క కదిలింది. గుమ్మం దాకా వెళ్ళి — "ఇక్కడ నీకున్న డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం మాత్రం ఏం తక్కువమ్మా?" మెత్తగానే అన్నారు. అదే మండింది.

జూలై 11

అన్నం సయించలేదు.

జూలై 12

కైకలూరు బస్సులో నాన్న వచ్చాడు. తడి గోనెలో కొల్లేటి కొరమేనులు, ఇంకా కొట్టుకుంటున్నాయి. నా మొహం చూసి అడిగాడు, చెప్పాను.

"పిన్నీసే గదా తల్లీ, తీసి అవతల పడేత్తే సరిపోద్ది."

చీర నిలవదన్నాను.

"మీ అమ్మ నడుం లోతు నీళ్ళలో వల లాగుద్ది. ఏ పిన్నీసు పెట్టిందే?"

పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

జూలై 13, శుక్రవారం

కొంగు నడుం చుట్టూ బిగించి దోపాను. జడకి స్లైడ్లు లేవు, నూలు దారం. స్టాఫ్ రూములో నవ్వారు. నేనూ నవ్వాను. వంగాను — చుక్క కదల్లేదు. బరువు తగిలించాను — తగ్గింది! నికెల్ తప్పు లేదు, నా తప్పూ లేదు.

జూలై 16, సోమవారం

మాస్టారు వచ్చారు. బరువులేవీ తగిలించకుండా నన్ను ఊరికే వంగమన్నారు. చుక్క కదల్లేదు. "ఊఁ" అని, తీగని దగ్గరగా చూద్దామని ఆయనే వంగారు. చుక్క గంతేసింది!

"మాస్టారూ... తమరి కళ్ళజోడండీ."

ఉక్కు ఫ్రేము. ఆయన నవ్వు వరండా చివరిదాకా వినబడి ఉంటుంది. కళ్ళజోడు బయట పెట్టి వచ్చారు. ఇప్పుడు ఆయనకి స్కేలు ఆనదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాగితం మాత్రం ఆనుతుంది.

"నువ్వు చదువమ్మా. నేను రాస్తాను."

బరువులు వేస్తూ, తీస్తూ చదివాను. ఆయన రాశారు. ఒక్క అంకె కూడా మళ్ళీ అడగలేదు.

జూలై 17

వాల్తేరుకి ఉత్తరం రాశారు. స్వయంగా పోస్టులో వేసి వచ్చారట!

జూలై 19, గురువారం

జవాబుకి ఇంకా రోజులు పడుతుంది. ఊరికే కూర్చోలేక, సరదాకి, ఇనప తీగకి ఎన్నడూ వేయనంత బరువు వేశాను. మొదట పెరిగింది. నిలిచింది. తరవాత... తగ్గుతోంది! ఇనుము కూడానా? మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఏ బరువు దగ్గర మనసు మార్చుకుంటుందో? ఎందుకు? పుస్తకంలో లేదు, మాస్టారు భీమడోలు వెళ్ళారు. ఇంకో బరువు వేస్తే తీగ తెగుతుందేమో. ఇంకో తీగ ఉందిగా —