మేకులు లేని గోడ

సల్వా, కువైట్
24-9-1990

చి.ల.సౌ. మద్దమ్మకు,

నీ భర్త సిద్ధయ్య ప్రాణాలతో, కాళ్ళూ చేతులూ బాగుండి రాస్తున్న ఉత్తరం. ఈ ముక్క చదివి ముందు కాస్త నీళ్ళు తాగు. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇరాక్ సైన్యం రాగానే నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ కుటుంబం సౌదీకి పారిపోయింది. ఇల్లూ మేకలూ నా మీద వదిలేశారు. కింది వాటాలో అద్దెకుండే గిల్బర్ట్ సారు మాత్రం చిక్కుకుపోయారు. ఇంగ్లీషు మగవాళ్ళను పట్టుకెళ్ళి, బాంబులు పడతాయనుకునే చోట్ల అడ్డుగా ఉంచుతున్నారట. దాచినవాళ్ళకు ఉరేనట.

సామాన్ల గదిలో అడ్డగోడ కట్టి ఆయన్ను దాచాలనుకున్నాం. పక్క బడిలోనే సైనికుల మకాం. సుత్తి చప్పుడు వినబడితే ఖలాస్. అప్పుడు సారు తాను పుట్టిన ఇంటి సంగతి చెప్పారు.

అది వాళ్ళ దేశంలో పొలం మధ్య నాలుగు వందల ఏళ్ళుగా నిలబడిన ఇల్లు. మనింట్లో బరువంతా గోడలు మోస్తాయి. అక్కడ కొయ్యలు మోస్తాయి. ఓక్ అనే చెట్టును పచ్చిగా ఉండగానే కోసి, ఒక కొయ్యకు బెజ్జం, ఇంకోదానికి నాలుకలాంటి కొస చెక్కి, రెంటినీ కలిపి చెక్క చీల దిగేస్తారు. ఇనుప మేకు ఒక్కటీ ఉండదు. ఎండేకొద్దీ కొయ్య వంగి, అతుకు మరింత బిగుస్తుందట. ఇల్లంతా వంకరపోయింది గానీ పడలేదని నవ్వారు. కొయ్యల మధ్య పుల్లల తడిక అల్లి మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తుతారట. దొరలూ పేడ తొక్కుతారా అని అడిగాను.

ద్రాక్షపందిరి గుంజలు పీకాం. ఆయన ఉలిని చేత్తో నొక్కి చెక్కారు. నేను ఖర్జూరపు మట్టలతో తడిక అల్లి, తోటమట్టిలో మేకల పేడ కలిపి మెత్తి, పైన సున్నం పూశాను. లోపలి నుంచి కింద నాలుగు చీలలు లాగితే ఒక పలక ఊడి వస్తుంది. లోపల మనిషి నిలబడగలడు, కాళ్ళు చాపలేడు. ఎండకు కుతకుత ఉడికిపోతాడు. దగ్గొస్తే గుడ్డ కొరుక్కుంటాడు. నేనూ గేటు దాటలేను.

మొన్న సైనికులు వచ్చారు. ఒకడు "ఇంగ్లీజీ?" అన్నాడు. "మాఫీ", ఎవరూ లేరు అన్నాను. తుపాకి మడమతో గోడను పొడిచాడు. మట్టి మందం వల్ల నిండు గోడలా మొద్దుగా మోగింది. మేకనొకదాన్ని లాక్కుని వెళ్ళిపోయారు.

మనవాళ్ళను బస్సుల్లో అమ్మాన్‌కు, అక్కడి నుంచి విమానాల్లో మన దేశానికి పంపుతున్నారు. నాకు సీటు దొరకలేదు. దిగులుపడవద్దు. ఈ ఉత్తరం రాయచోటి హుస్సేన్ వలి తెస్తాడు.

పిల్లలను దగ్గరికి తీసుకుని నాన్న అడిగాడని చెప్పు,
నీ సిద్ధయ్య

తా.క. మద్దమ్మా, సీటు దొరకలేదన్నది అబద్ధం. నా పేరు పిలిచారు, నేనే వెళ్ళలేదు. నేను పోతే సారుకు నీళ్ళిచ్చే దిక్కు లేదని. ఆయనకూ అదే అబద్ధం చెప్పాను.

ఉత్తరం కోసం వచ్చిన హుస్సేన్ వలికి సారు సంగతి తెలియదు. సామాన్ల గది ముందే నన్ను కేకలేశాడు. "ఏం సిద్ధయ్యా, లిస్టులో నీ పేరుండాది, బస్సులో సీటుండాది, ఎందుకు రాలేదు? ఈ బస్సు గూడా పోతే ఇంగ రాలేవు. పెండ్లాం బిడ్డలు గుర్తుకు రాలేదా?" అన్నాడు. బయట కారులో ఉంటానని వెళ్ళాడు.

లిస్టు, బస్సు, సీటు అన్న మాటలు గోడ అవతల మనిషికి చాలాయి. చీలలు లాగిన చప్పుడైంది. సారు బయటికి వచ్చారు. "యల్లా, సిద్ధయ్యా. నువ్వు పో" అన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. విడిపించుకుని పెరటి దారిన పోయి, ఈ ఇంటి మీద అనుమానం రాకుండా వీధులు చుట్టి, కూడలిలో సైనికుల ముందు చేతులెత్తి నిలబడ్డారు. మిద్దె మీద నుంచి చూశాను. జీపెక్కించుకుని పోయారు.

హుస్సేన్ వలి కారెక్కి బస్సు అందుకున్నాను. బస్రా దాటాం. ఎదురుగా చెప్పలేనని ఈ తా.క. బస్సులో రాస్తున్నాను. నన్ను చూసి నువ్వు సంతోషపడతావు. పడు. నేను కొన్నాళ్ళు సరిగా మాట్లాడకపోతే మాత్రం ఏమీ అడగవద్దు.