సుశీల షికారు

బారిడీహ్, ఆదివారం రాత్రి

నేను పోస్టులో చదువుతున్న కోర్సులో ఈసారి పాఠం 'తీరిక, ఆరోగ్యం'. ఇంట్లో ఒకరి తీరికవేళల గురించి రాసి, పని, తీరిక, నిద్ర అని గడులున్న పట్టిక నింపి పంపమన్నారు. మా ఆవిడ సుశీల గురించి రాశాను: నాకు నైట్ షిఫ్టు ఉన్న వారాల్లో రోజూ పగలు పాపతో మూడు గంటల షికారు, ఆరోగ్యానికి చాలా మంచిది.

గొప్పగా చదివి వినిపిస్తే నా వంక అదోలా చూసింది.

"షికారేటి? మీరు డ్యూటీ నుంచొచ్చి తొంగుంతే, పాప అల్లరికి లెగిసిపోతారని దాన్నట్టుకుని ఎండలో రోడ్లంట తిరగతన్నాను."

ఆ వాక్యం కొట్టేశాను. మరి ఆ మూడు గంటలూ ఏ గడిలో వెయ్యాలి?

రేపట్నుంచి నాకు మళ్ళీ నైట్ షిఫ్టు. పక్క మీద పాప ఇందాకే సగం హిందీలో సుశీలను అడిగింది: "అమ్మా, ఫిర్ సే బయటికేనా?"