నాలుగో అంతస్తుకి మెట్లదారి

ప్రియమైన అక్కకి,

ఫోన్లో నీకు సగం మాటే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుని ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

పదేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాడిని, ఇప్పుడు లిఫ్టు ఎక్కలేకపోతున్నాను. నవ్వకు. ఆమధ్య కరెంటు పోయి రెండంతస్తుల మధ్య మూడు గంటలు ఇరుక్కున్నానని చెప్పాను కదా. ఆ రోజేం కాలేదు, ఈల వేసుకుంటూ కూర్చున్నాను. వారం తర్వాత మొదలైంది. తలుపు మూసుకోగానే గుండె దడదడ, చేతులు చల్లబడిపోతాయి, ఊపిరి అందదు. చచ్చిపోతున్నాననే అనిపిస్తుంది. ఇప్పుడు స్నానాల గదికి కూడా గడియ పెట్టుకోవడం లేదు. నీ మరదలు మొహం తిప్పుకుని నవ్వుతోంది.

గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, "గుండె గుండ్రాయిలా ఉంది, సైకియాట్రిస్టుని కలవండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేనేమైనా చొక్కా చింపుకుని రోడ్ల మీద తిరుగుతున్నానా?

పనికేం లోటు లేదులే. నెలనెలా చూడాల్సిన తొమ్మిది లిఫ్టుల తనిఖీ కార్డులూ సంతకాలతో నిండుగానే ఉన్నాయి.

నీ చంటి

*

ఒరేయ్ చంటీ,

ఆ డాక్టరు చొక్కాలు చింపుకునేవాళ్లకేనని ఎవడు చెప్పాడ్రా? మందుల షాపులో పన్నెండేళ్లుగా చీటీలు చదువుతున్నాను. ఆ డాక్టర్లు రాసిన చీటీలు తెచ్చేవాళ్లలో టీచర్లున్నారు, బస్సు డ్రైవర్లున్నారు. ఆ డాక్టర్లూ అందరిలాగే డాక్టరు చదువు చదివి, ఆపైన మనసు జబ్బుల గురించి చదివినవాళ్లే. ఎప్పుడు మొదలైంది, నిద్రెలా ఉంది, తిండెలా ఉంది అని అడుగుతారు. థైరాయిడ్ వల్ల కూడా దడ రావచ్చు, దానికి రక్తపరీక్ష రాస్తారు. అవసరమైతే మందు, కొందరికి మాటలతోనే వైద్యం, కొందరికి రెండూ. నిన్నెవరూ గొలుసులతో కట్టేయరు.

మీ వైపు తిరిగే మందుల కంపెనీ ఆయన్ని అడిగాను. మీ బస్టాండు వెనక నీలం మేడలో మంచి డాక్టరమ్మ ఉందట. నాలుగో అంతస్తు. మెట్లెక్కి వెళ్లు, మోకాళ్లు అరిగిపోవు.

ఒక్కటే అర్థం కాలేదు. లోపల నిలబడి కిందికీ పైకీ ఒకసారి నడిపి చూడకుండా ఆ కార్డు మీద సంతకం పెట్టకూడదని నువ్వే గొప్పగా చెప్పేవాడివి. మరి తొమ్మిదీ ఎలా నిండాయి?

మీ అక్క

*

అక్కా,

ఆ నీలం మేడ నాకు తెలుసు. రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చేశాను. అక్కడ కుర్చీలో కూర్చునే వాచ్‌మన్ పెద్దాయన, "ఏం బాబూ, లిఫ్టు చూడ్డానికా?" అన్నాడు. "అవును" అనేసి తిరిగి వచ్చేశాను.

ఇంట్లో ఉంటే గోడలు మీద పడతాయేమో అనిపిస్తోంది, బయటికెళితే పని. ఎటూ దారి లేదు. ఏదో ఒక మందు నువ్వే పంపు, మింగేస్తాను.

చంటి

*

చంటీ,

చీటీ లేకుండా మందివ్వను, సొంత తమ్ముడైనా సరే.

నా ప్రశ్న ఎగ్గొట్టావు. నేను చెవిటిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదురా. సరే, నాకు చెప్పకు. ఆవిడకి చెప్పు. చెప్పుకున్నవాళ్ల సంగతి వీధిలో చాటడం డాక్టర్ల పని కాదు. మంగళవారం వెళ్లు. వెళ్లలేదని తెలిస్తే బస్సెక్కి వచ్చి చెవి మెలేసి తీసుకెళతాను.

అక్క

*

ప్రియమైన అక్కా,

మంగళవారం వెళ్లాను. నేను మెట్ల వైపు నడుస్తుంటే ఒక ముసలమ్మ లిఫ్టులోకి అడుగు పెడుతోంది. "ఎక్కకండమ్మా!" అని గావుకేక పెట్టాను. గేటు దగ్గర పెద్దాయన బిత్తరపోయాడు.

ఆ లిఫ్టు నా తొమ్మిదింటిలో ఒకటి. రెండు నెలలుగా బయట నిలబడి బటన్ నొక్కుతున్నాను, తలుపు తెరుచుకుంటే సంతకం పెట్టేస్తున్నాను. తొమ్మిదింటికీ అంతే. ఆవిడ కాలు లోపల పడబోయేదాకా, ఇరుక్కున్నది నేనొక్కడినే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అక్కా.

లిఫ్టు ఆపేసి బోర్డు తగిలించాను. ఆవిడా ఆ డాక్టరమ్మ దగ్గరికేనట, నిద్ర పట్టక. చెయ్యి పట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కించాను. దారి పొడవునా నన్ను తిడుతూనే ఉంది.

నేను అడక్కుండానే డాక్టరమ్మ గది తలుపు తెరిచి ఉంచింది. అంతా కక్కేశాను. విని, "భయం జబ్బు. దానికి వైద్యం ఉంది, నయమవుతుంది. సంతకాలు జబ్బు కాదు, వాటికి నా దగ్గర మందు లేదు" అంది.

అక్కడి మెట్ల మీదే కూర్చుని, మా పనులు చూసే మేస్త్రీకి ఫోన్ చేసి సంతకాల సంగతి చెప్పేశాను. ఆ పూటే తొమ్మిదీ ఆపించాడు. నన్ను కూడా ఆపేశారు. ఉంచుతారో పీకేస్తారో తెలియదు.

మందు మొదలుపెట్టాను. దానితోపాటు కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలట. మొదట ఆపేసిన లిఫ్టులో, తలుపు తెరిచే ఉంచి, ఊరికే నిలబడాలి. నిన్న ఇంకో మేడలో, మేస్త్రీ సరిచూసిన లిఫ్టులో ఒక నిమిషం నిలబడ్డాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. నీ మరదలు బయట తలుపు పట్టుకుని నిలబడింది. ఈసారి నవ్వలేదు.

నీలం మేడ లిఫ్టుకి బ్రేకు అరిగిపోయి ఉందని మేస్త్రీ చెప్పాడు. ముసలమ్మ వచ్చే మంగళవారం మళ్లీ వస్తుంది. గేటు దగ్గరే నిలబడి ఉంటాను, చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. ఆ బ్రేకు సంగతి ఆవిడకి ఎన్నో అంతస్తులో చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

నీ చంటి