పిల్లల్ని కదపొద్దన్నావు

అక్కా,

బాగున్నావా అని అడగను. నువ్వు పోయి రెండు నెలలు దాటింది. పెబ్బేరు అవతలి కుందేళ్ల షెడ్డులో నీ పని ఇప్పుడు నేనే చేస్తున్నాను.

జ్వరం ఒంట్లో పెట్టుకునే ఆ షెడ్డుకు పోయావు. ఈసారి ఈతలో పుట్టిన పిల్లలు పాలు మానేదాకా ఆగమన్నాడు యజమాని. ఆగావు... దవాఖానకు చేరేసరికి చెయ్యి దాటిపోయింది. పిల్లలింకా పాలు మాననే లేదు, నువ్వు లేకుండా పోయావు. ఎవర్ని తన్నాలి నేను?

నీ దినాలు కాకముందే ఆ పిల్లల్ని విడదీశారు. నువ్వైతే తల్లిని ఎత్తి అవతలి బోనులో పెట్టేదానివి. పిల్లలు మాత్రం పుట్టిన చోటే. అదే దాణా, అదే ఎండుగడ్డి. ఈనేముందు తల్లి పీక్కుని పరిచిన బొచ్చు ఇంత మూలకు వదిలేదానివి. పచ్చగడ్డి బాగా వాడితే గానీ వేయనిచ్చేదానివి కాదు. ఒకసారి నేను పిల్లల్ని ఎత్తబోతే చేతి మీద కొట్టావు.

"తల్లిని దియ్యిరా తిక్కలోడా, పిల్లల్ని కాదు. తల్లి పోతే నాలుగొద్దులు ఏడుస్తయ్. ఉన్న జాగ గూడ పోతే సస్తయ్."

యజమాని కొత్త బోన్లు తెచ్చాడు. పిల్లల్ని బుట్టలకెత్తి వాటిలోకి తోలాడు. అదే రోజు దాణా మార్చాడు. తడి ఆరని గడ్డి వేయించాడు. వద్దన్నాను. నా మాట ఎవడు వింటాడు? వారం తిరగకముందే కడుపులు డప్పుల్లా ఉబ్బాయి, తోకల కింద తడి... ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి.

నీ దినాల నాడే పొద్దున కబురు పెట్టాడు. పోయి గుంత తవ్వాను. నీ చెయ్యి మంచిదట, ఆ చెయ్యి లేక ఇట్లయిందట. చెయ్యి కాదు, బుద్ధి. రోజూ బోను కింద పెంటికలు చూసి ఏ పిల్ల కడుపు బాగాలేదో చెప్పేదానివి. దాన్ని చెయ్యి మంచిది అంటారా?

మట్టి చేతులతోనే మీ ఇంటికొచ్చాను. బావ నీ బిడ్డ బట్టలు సంచిలో పెడుతున్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. చిన్నిని గద్వాల హాస్టల్లో వేయాలట. బావ మళ్లీ పుణెకు సెంట్రింగు పనికి పోవాలట. ఇంటికి తాళమట. ఒకటో తరగతి పిల్ల, గోడకు ఆనుకుని కూర్చుంది. నువ్వు పోయినప్పటి నుంచి దాని కడుపులో తిన్నది నిలవడం లేదు. వాళ్లలో ఎవరైనా చూశారా?

సంచి గుంజి బట్టలు కింద పోశాను. నీ మాట చెప్పాను, చిన్నిని ఇక్కడే ఉంచి నేను సాకుతానన్నాను. నవ్వారు. బిడ్డకూ కుందేలుకూ పోలిక ఏందన్నారు. పెళ్లి కానోడివి, ఆడపిల్లను ఎట్ల సాకుతావన్నారు. నేను తిట్టిన తిట్లు నువ్వు వినకపోవడమే మంచిది.

బావ మాత్రం నవ్వలేదు. ఆ మాట నీ నోట ఆయనా విన్నాడు కదా... మరునాడు ఒక్కడే బస్సెక్కాడు. పిరికోడా, మంచోడా? నాకింకా తెల్వదు.

నా రేకుపెట్టె మీ ఇంటికి తెచ్చుకున్నాను. అరుగు మీద పడుకుంటున్నాను. చిన్ని చాప నువ్వు పరిచిన చోటే ఉంది. పళ్లెం కూడా అదే. జొన్నరొట్టె నా చేతిలో మాడుతోంది. పాలలో నానబెట్టి ఇస్తే సగం తింటోంది, ఒక్కోరోజు అదీ లేదు. జడే రావడం లేదు. పాయలు ఎంత బిగించేదానివక్కా? బిగిస్తే నొప్పంటోంది, వదిలితే ఊడిపోతోంది...

"నీకు కోపం దప్ప ఏమొస్తదిరా" అనేదానివి. నిజమే. ఆ కోపంతోనే రొట్టెలు చేస్తున్నాను.

మొన్న ఇంకో ఈత పాలు మానింది. యజమానిని అడగలేదు, తల్లినే తీశాను. అరిచాడు. అరవనిచ్చాను. పిల్లలు ఆడుతున్నాయి. అన్నిటికన్నా చిన్నది మాత్రం మూలన ముడుచుకుని ఉంది. రేపటికి ఉంటుందో లేదో...

చిన్ని తానే హాస్టలుకు పోతానన్న నాడు నేనే తీసుకెళ్లి దింపుతాను. అప్పటిదాకా ఎవడొచ్చి చెప్పినా ఈ ఇల్లు వదలదు.

నీ చీర దండెం మీదే ఉంది. పోయినోళ్ల బట్ట ఇంట్లో ఉంచొద్దని అందరూ అంటున్నారు. చిన్ని పడుకునే ముందు దాని కొంగు గుంజి మొహం మీద వేసుకుంటుంది. నేను తియ్యను. కొంగు అక్కర్లేకుండా అది నిద్రపోయిన నాడు తీసి మడత పెడతాను.

నీ తమ్ముడు