ల్యాంప్ రూంల ఒక్కపొద్దు

7 ఫిబ్రవరి 1971, ఆదివారం
గోదావరిఖనికి వచ్చి ఏడాది. బొగ్గుబాయి ల్యాంప్ రూంల డ్యూటీ. షిఫ్టుకు మూడు వందల మందికి ల్యాంపులిస్త. నా పేరు ఒక్కనికి తెల్వది. మంథని బాపనోన్నని అందరికీ పంతులునే. హైదరాబాద్‌ల పాత పుస్తకాల దుకాణంల జర్మన్ అనుకొని కొన్న పుస్తకం స్పానిష్ అని తేలింది. అయినా చదువుతున్న. తప్పు మాట్లాడితే పట్టుకునేటోడు లేడు.

19 ఫిబ్రవరి
లెసన్ 31. పాస్ట్ పర్ఫెక్ట్ సబ్జంక్టివ్. జరుగకుండ పోయినదాన్ని 'జరిగి ఉంటే' అనుకునుడు. రెగ్యులర్ వెర్బ్స్ ఈజీ. ముందర 'ఉబియెరా' పెడితే చాలు. మాట్లాడి ఉంటే, అబ్లాదో. తిని ఉంటే, కొమీదో. బతికి ఉంటే, బిబీదో. నేను అన్నా వాడు అన్నా ఉబియెరానే. మేము అంటే ఉబియెరమోస్. 'మేము' ఎక్సర్‌సైజ్ రాయబుద్ధి కాలేదు.

20 ఫిబ్రవరి
బొగ్గు నింపే పోశం ల్యాంపు తీసుకుంట ఏం చదువుతున్నవ్ పంతులూ అని అడిగిండు. కొమీదో అంటే ఏందన్నడు. తిండి ముచ్చట అన్న. కొమీదో కొమీదో అనుకుంట బాయి దిగిండు.

3 మార్చి
పోశం రోజు కొమీదో అనే పలుకరిస్తండు. తిన్నవా అని అడిగినట్టు. నేను పొద్దున లేస్తున్నదే దానికోసం.

14 మార్చి, ఆదివారం
నిన్న పోశం రేపు మా ఇంట్ల తినాలె అన్నడు. పెండ్లాం సమ్మవ్వ జొన్నరొట్టె, పచ్చిపులుసు చేస్తదట, ఆ దినం నీసు ముట్టదట. నోట్లె నీళ్లూరినయ్. అయినా రేపు ఒక్కపొద్దు అన్న. మా దిక్కు పిలువంగనే ఒప్పుకుంటే చులకన. ఒకసారి కాదనాలె, చెయ్యి పట్టుకొని మళ్ల పిలిస్తే పోవాలె. పోశం చెయ్యి పట్టుకోలేదు. దండం పెట్టి పోయిండు.

ఇయ్యాల సమ్మవ్వ వచ్చింది. గడపవతల చాటల బియ్యం, కందిపప్పు, చింతపండు, రెండు వంకాయలు పెట్టింది. పంతులు మా చేతి వంట తినడని మొదలే అనుకున్న, స్వయంపాకం తెచ్చిన అన్నది. కాదవ్వా అనాలె. చాట లోపలికి తీసుకున్న. ఒక్కన్నే వండుకొని ఒక్కన్నే తిన్న.

22 మార్చి
వారం సంది పోశంకు నిజం చెప్పుదామనుకుంటున్న. ఇయ్యాల అతని ల్యాంపు చార్జింగ్ మీదనే ఉన్నది. మంచిర్యాల దగ్గరి రామకృష్ణాపూర్‌కు ట్రాన్స్‌ఫరట. నిన్న సామాన్లతోని పోయిన్రట.

11 ఏప్రిల్
ఉబియెరా కొమీదో. తిని ఉంటే. నూరుసార్లు రాసిన.

30 జూలై
రామకృష్ణాపూర్ నుంచి బదిలీ మీద వచ్చిన మొగిలి ల్యాంపుకు చెయ్యి చాపి కొమీదో అన్నడు. అక్కడ ల్యాంప్ రూంల అందరు గట్లనే అంటరట. పోశం నేర్పిండట. ఒక్క మాట కనుక్కోమన్నడట. పంతులు ఒక్కపొద్దు ఇడిసిండా అని.

షిఫ్టు దిగినంక తలుపేసుకొని ఏడ్చిన.

1 ఆగస్టు, ఆదివారం, పొద్దున 6
పొయ్యి ముట్టియ్యలేదు. రామగుండం స్టేషన్ల ఉన్న. మంచిర్యాల దిక్కు బండి ఇంకా రాలేదు. ఆకలైతంది.